పట్టుకోవడం నేర్పిన సారు

పొయ్యి మీద పాలు పెట్టి, పొంగిపోతాయేమోనని అక్కడే నిలబడి ఉన్నాను. గోడ అవతలి నుంచి బూబమ్మ పిలిచింది.

"అక్కా, ఒక్కసారి రా. ఈయన లేయడం లా."

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. బూబమ్మ భర్త తెల్లవారి నమాజుకు మసీదుకు వెళ్లొచ్చి, టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని వసారాలో మంచం మీద పడుకున్నారట. తల కింద చెయ్యి పెట్టుకొని, పక్కకు తిరిగి, నిద్రపోతున్నట్టే ఉన్నారు. బూబమ్మ నేనేదో చెబుతానని నా ముఖం వంకే చూస్తోంది. నాకేం తెలుసు? పాదం ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వచ్చింది. ఇక నా బిడ్డను ఎవరు పట్టుకుంటారు, ఎట్లా పట్టుకుంటారు అని.

ఈ మాట మీకు అర్థం కావాలంటే ఆయన ఎవరో చెప్పాలి. మా ఉదయగిరిలో ఆయన్ను అందరూ ట్రైనింగ్ సారు అంటారు. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మొదట మిలిటరీలో ఉన్నారు, తర్వాత పోలీసు ఉద్యోగంలోకి వచ్చారు. రెండు చోట్లా ఆయన పని ఒక్కటే, మనిషిని పట్టుకోవడం నేర్పడం. దొంగను, తాగి తిరగబడినవాణ్ని, కత్తి తీసినవాణ్ని, తానేం చేస్తున్నాడో తనకే తెలియనివాణ్ని ఎట్లా అదుపు చెయ్యాలి, బేడీలు ఎట్లా వెయ్యాలి, పట్టుకున్నవాడికీ పట్టుబడినవాడికీ దెబ్బ తగలకుండా జీపు ఎట్లా ఎక్కించాలి, ఇదంతా నేర్పేవారు. రిటైరై సొంత ఊరికి, మా పక్కింటికి వచ్చేశారు.

నా కొడుకు శీనయ్య. నలభై దాటాయి. వయసులో ఉన్నప్పటి నుంచే మనసు బాగుండదు. నెల్లూరు డాక్టరు ఇచ్చే మాత్రలు వేసుకున్నన్నాళ్లూ చెప్పిన పని చేస్తాడు, పిల్లి మీద కూడా చెయ్యెత్తడు. కానీ ఎప్పుడో ఒకసారి, ఏదో కనపడుతుంది, ఏదో వినపడుతుంది. అప్పుడు పరిగెత్తుతాడు, చేతికందింది విసురుతాడు. మనిషి ఎత్తు, బలం. అట్లాంటప్పుడు జనం పట్టుకుంటారు. నా భయం వాడి జబ్బు కాదు. జబ్బుకు మాత్రలున్నాయి. జనం పట్టుకోవడంలో ఏదో ఒకరోజు వాడి ప్రాణం పోతుందని నా భయం. ఆ భయంతోనే ఇన్నేళ్లూ వాడు వీధిలోకి పోతే నేనూ వెనకే పోయాను.

ఆయన ఊరికి వచ్చిన కొత్తల్లోనే అది జరగబోయింది. బజార్లో టీ కొట్టు దగ్గర శీనయ్య గాజు గ్లాసులు విసిరాడు. నలుగురు మగవాళ్లు వాణ్ని కింద పడేశారు. చెడ్డవాళ్లు కాదు, అందరూ తెలిసినవాళ్లే. వాళ్లకూ భయమే. ముఖం మట్టిలో ఉంది. ఒకడు వీపు మీద కూర్చున్నాడు, ఇంకొకడు కాళ్ల మీద. తాడు తెమ్మని ఎవరో కేకేస్తున్నారు. నేను ఏడుస్తుంటే, "నువ్వు పక్కకి పోమ్మా, మేం చూసుకుంటాం గదా" అన్నారు. అరుస్తున్న నా బిడ్డ అరుపు సన్నబడింది, తర్వాత ఆగిపోయింది.

చేతిలో కూరగాయల సంచితో ఆయన వచ్చారు.

"లెగండిరా! వీపు మీంద నుంచి లెగండి ముందు!"

"లేస్తే కొడతాడు సార్."

"కొడితే నన్ను కొడతాడులే. వాడు అరవడం మానేసినాడు, చూడలా నువ్వు?"

"అణిగినాడు గదా సార్."

"అణగలేదురా. ఊపిరాడలా."

సంచి నా చేతిలో పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నారు. శీనయ్యను మెల్లగా పక్కకు తిప్పారు. పై మోకాలు మడిచి, తన తువ్వాలు చెంప కింద పెట్టి, ముక్కులో మట్టి వేలితో తీశారు. ఒక చేత్తో మణికట్టు, ఇంకో చేత్తో మోచేయి పట్టుకొని, బళ్లో పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడారు.

"అబ్బయ్యా, నేను మీ పక్కింటోణ్ని. నీ చెయ్యి పట్టుకోనుండా. నువ్వు గాలి పీల్చుకో. తొందరేం లేదు."

నా బిడ్డ ఛాతీ లేచింది. దగ్గాడు. ఆయన తలెత్తి నా వంక చూసి, "అక్కా, నువ్వు గూడా పీల్చుకో" అన్నారు. అప్పటిదాకా నేనూ ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి మా రెండిళ్ల మధ్య గోడ పేరుకే గోడ.

ఆయన అలవాట్లు చెబితే మీకు నవ్వొస్తుంది. శుక్రవారం శుక్రవారం గోళ్లు తీసుకునేవారు. రిటైరయ్యాక కూడా ఆయన చెప్పే పాఠాలకు వచ్చే కానిస్టేబుళ్లు సైతం బడిపిల్లల్లాగా వరసగా నిలబడి గోళ్లు చూపించాలి. ఉంగరాలు, గడియారాలు తీసి గుడ్డలో మూటకట్టాలి. "నీ ఉంగరం వాడి చర్మం చీలిస్తే ఆ కేసు నీదే" అనేవారు. ఎవరికైనా చెయ్యి అందించేటప్పుడు వాళ్ల చెయ్యి తన చేతిలోకి వచ్చేదాకా ఆగేవారు, తాను ముందుకు పోయి లాక్కునేవారు కాదు. చేతులు గట్టిగా ఉన్నప్పుడు గొంతు మెత్తగా ఉండాలి, ఇది ఆయన మాట. రెండూ గట్టిగా ఉంటే అవతలి మనిషికి దారి లేకుండా పోతుందనేవారు.

అంత నేర్చిన మనిషికి కోడిని పట్టుకోవడం రాదు. ఒక పండగనాడు పెరట్లో కోడి వెంట పడ్డారు. అది గోడెక్కి మా ఇంట్లో దూకి, మా వంటింట్లోంచి వీధిలోకి పోయింది. బూబమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"మిలిటరీ పిలకాయలకు పాఠాలు చెప్పిన మొనగాడు! కోడి నవ్వుకుంటా పోతాండాది, చూడక్కా."

"దానికి చేతులు లేవు గదా, యాడని పట్టుకునేది?" అన్నారు ఆయన, రొప్పుతూ.

చివరికి శీనయ్యే పట్టుకొచ్చాడు. ఆ రోజు ఆయన శీనయ్యకు సెల్యూట్ కొట్టారు. మావాడు రెండు రోజులు అదే చెప్పుకున్నాడు.

బూబమ్మ వాళ్లింట్లో ఆడవాళ్లు చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు. మా ఊళ్లో చాలా ఇళ్లలో అదే పని. చెక్కిన చెంచాలను ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసే పని శీనయ్యకు ఇప్పించారు సారు. వాడు రుద్దుతుంటే తానూ పక్కన కూర్చునేవారు. ఒక సాయంత్రం నేను గోడ మీదుగా తొంగి చూశాను. శీనయ్య ఆయన చేతిని వెనక్కి మెలిపెట్టి పట్టుకొని ఉన్నాడు.

"రేయ్! వదలరా సారుని!" అని కేకేశాను.

"నువ్వు ఊరికే ఉండక్కా, పాఠం జరగతా ఉండాది" అన్నారు ఆయన, వంగిపోయి. తర్వాత ఖాళీగా ఉన్న చేత్తో శీనయ్య తొడ మీద తట్టారు. శీనయ్య వెంటనే వదిలాడు.

వాళ్ల శిక్షణలో అదొక పద్ధతి. ఎవరైనా సరే, పట్టుకోవడం నేర్చుకునే ముందు పట్టుబడాలి. నొప్పి ఎక్కువైతే తట్టాలి. తడితే అవతలివాడు వదలాలి. మళ్లీ ఆయన శీనయ్యను పట్టుకున్నారు, శీనయ్య తట్టాడు, ఆయన వదిలారు. ఎన్ని సాయంత్రాలు అట్లా ఆడారో. ఇది ఎందుకు సారూ అని అడిగాను.

"పట్టుకున్నోడు ఇంక వదలడేమో అనే భయమే మనిషి చేత తన్నిస్తాదక్కా. వదిలేది ఉండాదని వీడికి తెలిస్తే సగం తన్నులు తగ్గుతాయి."

నాకు అది కొత్త సంగతి. నా బిడ్డ భయపడి తంతాడని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. పిచ్చి పట్టి తంతాడనే అందరూ చెప్పారు.

ఆత్మకూరులో ఆ చుట్టుపక్కల స్టేషన్ల కానిస్టేబుళ్లకు, హోంగార్డులకు పాఠం చెప్పమని ఆయన్ను అప్పుడప్పుడు పిలిచేవారు. ఒకసారి వెళ్లబోతూ మా గుమ్మంలో నిలబడి అడిగారు.

"అక్కా, ఆత్మకూరు వస్తావా? నిన్ను అరెస్టు చేయించాల."

నా చేతిలో చేట జారిపోయింది. "నేనేం చేసినాను సారూ?"

బూబమ్మ గోడ అవతల పడీ పడీ నవ్వింది. సంగతేమిటంటే, కుర్రవాళ్లు కుర్రవాళ్లనే పట్టుకొని నేర్చుకుంటున్నారు. ముసలివాళ్ల ఒళ్లు ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియదు. అందుకని ఒక ముసలి మనిషి కావాలన్నారు. నాకు భయం లేని పని ఏదైనా ఉంటే కదా. బస్సులో వాంతి వస్తుందేమో, ఇంటికి తాళం వేశానో లేదో, శీనయ్య అన్నం తిన్నాడో లేదో, పోలీసుల దగ్గరకు పోయినట్టు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో. దారి పొడుగునా ఇవన్నీ ఆయనకే చెప్పాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంకేంది, ఇంకేంది అని అడుగుతూనే ఉన్నారు.

పాఠం చెప్పే షెడ్డులో పరుపులు పరిచి ఉన్నాయి. ఆడ కానిస్టేబుళ్లు నన్ను ముట్టుకోవడానికే జంకారు. మర్రిపాడు నుంచి వచ్చిన ఒక పిల్ల ముందుకు వచ్చి, "అవ్వా, నీ చెయ్యి పట్టుకుంటా ఉండా" అని చెప్పి పట్టుకుంది. అట్లా ముందుగా చెప్పడం సారు నేర్పిందే. చెయ్యి వెనక్కి తిప్పబోతే భుజం కలుక్కుమంది. "అబ్బా" అన్నాను.

"ఆగు" అన్నారు సారు. "చూసినారా, ఈ భుజం వెనక్కి రాదు. ఈ వయసులో ఎవరిదీ రాదు. రానిదాన్ని తిప్పితే విరగతాది. ముందరే పట్టుకోండి."

తర్వాత ఆయన చేసిన పని నేను జన్మలో మరిచిపోలేను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్లందరినీ కింద కూర్చోమన్నారు.

"అక్కా, బస్సులో చెప్పినావే, అట్టా చెప్పు. నీ కొడుకుని ఎవరన్నా పట్టుకుంటే నీకేం భయం? అన్నీ చెప్పు. ఒక్కటి గూడా వదలబాక."

మొదట నోరు రాలేదు. అంతమంది కాకీ బట్టలు. తర్వాత మొదలుపెడితే ఆగలేదు. ముఖం నేలకు ఆనించి పట్టుకుంటే ముక్కు మూసుకుపోతుందేమో. అప్పుడే అన్నం తిని ఉంటే కక్కుకొని, అది గొంతుకు అడ్డం పడుతుందేమో. మాత్రలకు నోరెండి ఉంటుంది, నీళ్లడిగితే ఇవ్వరేమో. మీరు అరిస్తే వాడికి వినపడే అరుపులు, మీ అరుపులు కలిసిపోయి ఏది నిజమో తెలియదేమో. కాళ్లు కట్టేసి జీపులో బోర్లా పడేస్తారేమో. మీరంతా వాడి చేతులే చూస్తూ వాడి ముఖం చూడరేమో.

ఎవరూ నవ్వలేదు. సారు ఒక్కొక్క భయం దగ్గరా ఆగి, దానికి ఏం చెయ్యాలో పరుపు మీద చేసి చూపించారు. ముక్కు మూసుకుంటుందన్నదానికి పక్కకు తిప్పడం. కక్కుకుంటాడన్నదానికి తల ఎట్లా ఉంచాలన్నది. ముఖం చూడరేమో అన్నప్పుడు మాత్రం వాళ్లవైపు తిరిగి ఇట్లా అన్నారు.

"ఈడ పరుపు మీంద మీరు తడతారు. బయట మనిషికి తట్టేది తెలవదు. వాడి ఊపిరే తట్టడం. అది వినండి."

తిరుగు బస్సులో అడిగాను. "ఊళ్లో నేను నోరు తెరిస్తే మొదలుపెట్టినాదిరా అంటారు సారూ. మీరేంది, అడిగి మరీ చెప్పించుకుంటిరి?"

"నువ్వు భయపడేదంతా వాళ్లు నేర్చుకోవాల్సిందే గదక్కా. నాకు ఇంత బాగా ఎవరు చెప్తారు?"

నా భయాలకు ఒక పని ఉంటుందని నాకు తెలియదు. ఆ తర్వాత కూడా నన్ను తీసుకుపోయారు. వాళ్లు నన్ను మన అవ్వ అని పిలవడం మొదలుపెట్టారు. టీ ఇచ్చేవాళ్లు, బిస్కెట్లు ఇచ్చేవాళ్లు.

ఆ పాఠాల వల్లే ఒక తమాషా జరిగింది. అనంతసాగరం వైపు ఒక కానిస్టేబులు మేకల దొంగను పట్టుకున్నాడు. చక్కగా, సారు నేర్పినట్టే పట్టుకున్నాడు. ఆ దొంగ నొప్పికి ఓర్చుకోలేక కానిస్టేబులు చేతి మీద టపటపా కొట్టాడు. పరుపు మీద అలవాటైన చెయ్యి కదా, ఇతను ఠక్కున వదిలేశాడు. దొంగ పొలాల్లో పడి పారిపోయాడు. ఎస్సై తిట్టిన తిట్లు సోమశిల దాకా వినపడ్డాయట. ఆ అబ్బాయి తల దించుకొని పాఠానికి వచ్చి చెప్పాడు.

"తట్టినాడు సార్. వదిలేసినా సార్."

సారు నవ్వు ఆపుకోవాలని చూశారు, వల్ల కాలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఆ దొంగ గూడా నా దగ్గర చదువుకున్నాడేమో కనుక్కోరా" అన్నారు. షెడ్డంతా గొల్లుమంది, తల దించుకున్నవాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత మాత్రం ఆయన పరుపు అంచు మీద కూర్చున్నారు.

"తప్పు వాడిది కాదు. నేను నేర్పిన దాంట్లో ఉండాది. వదిలేది నేర్పినా, సడలించేది నేర్పలా. ఇయ్యాల్టి నుంచి తట్టితే సడలించండి. చెయ్యి మాత్రం తియ్యబాకండి."

ఆ రోజు నుంచి పాఠం మారింది. అంత సర్వీసు చేసిన మనిషి, ఆ వయసులో, అందరి ముందూ పాఠం మార్చుకున్నారు. ఇంటికొచ్చి శీనయ్యకు కూడా కొత్తగా నేర్పారు. "తట్టు, కొంచిం వదులైతాది. మళ్లా గాలి పీల్చుకో. అప్పుడు మొత్తం వదలతారు."

ఆ మార్పే నా బిడ్డను నిలబెట్టింది. ఒకరోజు నెల్లూరు నుంచి మందులు తీసుకొని వస్తూ ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డాం. మంచి ఎండ. బస్సు వచ్చేసరికి జనం ఒక్కసారిగా మీద పడ్డారు. ఎవరో శీనయ్యను మోచేత్తో నెట్టారు. వాడి కళ్లు మారాయి. నాకు తెలుసు ఆ చూపు. చెయ్యి పట్టుకొనేలోపే అరుచుకుంటూ బస్సుకు అడ్డంగా పరిగెత్తాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. మావాడు అడ్డమొచ్చిన ఒకతన్ని తోసేశాడు, అతను పడ్డాడు. జనం చుట్టూ మూగి కొట్టడానికి చేతులెత్తారు. హోంగార్డు లాఠీ పట్టుకొని వస్తున్నాడు. సారు ఉదయగిరిలో ఉన్నారు. నేను ఒక్కదాన్నే.

"వద్దన్నా, లాఠీ వద్దు! ఈమె మన అవ్వ!"

డ్యూటీలో ఉన్న మర్రిపాడు పిల్ల నన్ను గుర్తుపట్టింది. జనాన్ని వెనక్కి పొమ్మంది. హోంగార్డు లాఠీ చంకలో పెట్టుకొని రెండో వైపుకు వచ్చాడు.

"అన్నా, నేను పోలీసుని. నీ చెయ్యి పట్టుకుంటా ఉండా. కొట్టను. మీ అమ్మ ఈడే ఉండాది."

శీనయ్య విదిలించాడు. ఇద్దరూ కలిసి వాణ్ని కిందికి దింపారు. దింపారు అనే అంటాను, పడేశారు అనను. వెంటనే పక్కకు తిప్పారు. మోకాలు మడిచారు. ఎవరూ వీపెక్కలేదు. ఆ పిల్ల వాడి ముఖానికి ఎదురుగా కూర్చుంది. మావాడు తన్నుకుంటూ తన్నుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, ఆమె చేతి మీద తట్టాడు. ఆమె పట్టు సడలించింది. చెయ్యి తియ్యలేదు. తీసి ఉంటే మళ్లీ బస్సు కిందికే పరిగెత్తేవాడు. సడలించకపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. వాడు ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. కాసేపటికి "అమ్మా, నీళ్లు" అన్నాడు.

ఫోనులో సారుకి ఏడుస్తూ చెప్పాను.  

"అక్కా, ఆ పిల్ల ఉంగరం తీసి ఉండిందా?"

"అదంతా నేను చూస్తానా సారూ ఆ గోలలో!"

"చూడాల గదా మళ్లా" అన్నారు. 

చివరి రోజుల్లో ఆయనకు ఆయాసం ఎక్కువైంది. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేవారు. నాకు ఇంకో భయం పట్టుకుంది, అది ఆయనతో చెప్పడానికి నోరు రాక లోపలే పెట్టుకున్నాను. ఆయనే కనిపెట్టారు. పోవడానికి వారం ముందే, వసారాలో చెంచాలు రుద్దుతున్న శీనయ్య వంక చూస్తూ అన్నారు.

"ఏందక్కా, రెండు రోజులుగా కొత్త భయం ఏదో దాచిపెడతా ఉండావు."

"మీరు లేకపోతే ఎట్లా అని సారూ."

"బస్టాండులో నేను ఉన్నానా?"

"లేరు."

"మరి? ఎప్పటికీ నేనే పట్టుకోవాల్సి వస్తే, ఇంక నేను నేర్పింది ఏందక్కా?"

నేను తలూపాను కానీ నమ్మలేదు. ఒకసారి అదృష్టం బాగుంది, ప్రతిసారీ బాగుంటుందా అనుకున్నాను. నా బుద్ధి అంతే.

ఇక ఆయన పోయిన రోజు సంగతి. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతామన్నారు. పొద్దెక్కేసరికి వీధి నిండిపోయింది. ఆత్మకూరు నుంచి, మర్రిపాడు నుంచి, అనంతసాగరం నుంచి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు వచ్చారు. కొందరు డ్యూటీ నుంచి నేరుగా కాకీ బట్టల్లోనే వచ్చారు. లోపల ఆడవాళ్ల ఏడుపులు. జనం, కాకీ బట్టలు, ఏడుపు, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మావాడికి పడదు. మాత్ర వేయించి, లోపలి గదిలో కూర్చోబెట్టి, సారుకి ఒంట్లో బాగలేదని మాత్రమే చెప్పాను. వీడు బయటికొచ్చి ఆయన చివరి ప్రయాణం పాడుచేస్తే బూబమ్మ ముఖం ఎట్లా చూసేది? అంత దుఃఖంలో ఉన్నవాళ్లు వీణ్ని ఎట్లా పట్టుకుంటారో, ఆయన చెప్పింది ఈ రోజు ఎవరికి గుర్తుంటుందో? అక్కడికీ ఇక్కడికీ తిరిగాను. ఆ ఇంట్లో ఉంటే ఈ ఇల్లు, ఈ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు.

"అమ్మా, బూబమ్మ ఏడస్తాండాది" అన్నాడు శీనయ్య.

"తలనొప్పంట నాయనా."

వాడు నా వంక చూశాడు. "సారు యాడ?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పోయినాడు నాయనా."

లేచాడు. చొక్కా పట్టుకున్నాను, కొస నా వేళ్లలోంచి జారిపోయింది. వీధిలో, సరిగ్గా జనం మధ్యలో పోయి నిలబడ్డాడు. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. పిడికిళ్లు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. వెనక నుంచి ఎవరో, "రేయ్, ఆ పిచ్చోడొచ్చినాడు, లోపలికి తొయ్యండి" అన్నారు. కాకీ బట్టలవాళ్లు నలుగురైదుగురు ఒక్కసారే తిరిగారు. నేను కళ్లు మూసుకున్నాను.

పెనుగులాడే చప్పుడు ఏమీ వినపడలేదు. కళ్లు తెరిచాను. ఎవరూ వాణ్ని ముట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, వాడికి గాలి ఆడేట్టు నిలబడ్డారు. మర్రిపాడు పిల్ల వాడికి ఎదురుగా, అరచేతులు కనపడేట్టు పెట్టుకొని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం మెత్తగా ఉంది.

"అన్నా, నేను. బస్టాండులో కలిసినాం గదా. సారుని మోసుకపోతా ఉండారు. మోస్తావా నువ్వు గూడా?"

శీనయ్య ఆమె అరచేతుల వంక చూశాడు. భుజాల ఎగురుడు నిదానించింది.

"బరువుంటాడా?" అన్నాడు.

"అందరూ ఉండారు గదన్నా."

మసీదు పెద్దాయన ఒకరు తన భుజం మీది తెల్లగుడ్డ తీసి శీనయ్య తల మీద కప్పారు. "రా బిడ్డా, ఈ పక్కకి రా" అన్నారు. మేకల దొంగను వదిలేసిన ఆ కానిస్టేబులు వాడి పక్కన నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోలేదు, పక్కన నిలబడ్డాడు, అంతే.

ఆడవాళ్లం గుమ్మం దాటలేదు. బూబమ్మ నా భుజం మీద తల ఆనించి ఉంది. ఆయన్ను ఉంచిన పాడె, జనాజా, లేచింది. వాళ్లలో భుజాలు మార్చుకుంటూ మోస్తారు, కొన్ని అడుగులు ఒకరు, మళ్లీ ఇంకొకరు, అందరికీ ఆ భాగ్యం దక్కాలని. శీనయ్య భుజం ఎడమ పక్క నుంచి జనాజా కిందికి పోయింది. మిగతావాళ్ల కన్నా పొడుగు కదా, జనాజా కొంచెం ఒరిగింది.  వాడు మోకాళ్లు కొంచెం వంచాడు. సమంగా అయింది. కదిలారు.

కొండ వైపు వీధి కొంచెం ఎత్తెక్కుతుంది. మలుపు దగ్గర కళ్లు చిట్లించి వెతికాను. మామూలుగా ఎంత జనంలో ఉన్నా నా బిడ్డను ఇట్టే పోల్చేదాన్ని, ఎందుకంటే వాడి చుట్టూ జనం దూరం జరిగి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కోసం చూశాను. ఎక్కడా లేదు. తెల్ల టోపీలు, తెల్లగుడ్డలు, ఒకదానికొకటి ఆనుకున్న భుజాలు, వాటి మీద మెల్లగా ఎక్కిపోతున్న జనాజా. వాటిలో మావాడి భుజం ఏదో నాకు తెలియలేదు.